మేరీ కేట్ కట్నం, రోజ్ జీతం

సినిమాలో ఆడమనిషి ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే ఆమె ఎంత గట్టిగా మాట్లాడిందో నేను చూడను. ఇంట్లో పైసలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరి కష్టం ఎవరి పేరు మీద జమ అవుతోంది, రూపాయి ఖర్చు పెట్టేముందు ఎవరు ఎవర్ని అడగాలి, ఇవి చూస్తాను. హన్మకొండ నయీంనగర్‌లో ఆడపిల్లలకు టాలీ, అంటే కంప్యూటర్ మీద లెక్కలు రాయడం, నేర్పడం నా పని. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు నుంచి బస్సుల్లో వచ్చే డిగ్రీ పిల్లలకు జమాఖర్చులు చెప్పీ చెప్పీ నా చూపు అట్లా తయారైంది.

అమెరికాలో మార్చి నెల మహిళల చరిత్రదీ, ఐరిష్-అమెరికన్ వారసత్వానిదీ కూడా. 8న మహిళా దినోత్సవం, 17న సెయింట్ పాట్రిక్ పండుగ. ఈ రెండింటికీ చెందిన సినిమాలు కొన్నిటిని నేను చాలా ఏండ్లుగా తిరగేసి మరగేసి చూస్తున్నాను. వాటన్నిటిలో కథ పైసల దగ్గరే మలుపు తిరుగుతుంది. కథలు దాచకుండా రాస్తున్నాను, ముందే తెలిస్తే నచ్చనివాళ్లు చూసొచ్చి చదవండి.

ముందు ఐర్లండ్ సంగతి కొంచెం చెప్పాలి. 1845లో అక్కడ ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. పేదవాళ్లకు అదే తిండి. ఆ కరువు ఏడేండ్లపాటు సాగింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షల మంది దేశం విడిచిపోయారు. కరువు పోయాక రైతులు ఒక పాఠం గట్టిగా పట్టుకున్నారు: భూమిని ముక్కలు చేయొద్దు. భూమి మొత్తం ఒక్క కొడుక్కు. ఇంటికి వచ్చే కోడలి కట్నంతో తమ బిడ్డల్లో ఒకామెకు పెండ్లి. మిగతా పిల్లలకు భూమీ లేదు, కట్నమూ లేదు, ఉన్న దారి ఓడ ఒక్కటే.

అందుకే ఐర్లండ్ వలసలో సగం దాకా ఆడవాళ్లే. యూరప్‌లోని వేరే దేశాల ఆడవాళ్లు ఎక్కువగా తండ్రి వెంటో భర్త వెంటో అమెరికాకు పోతే, ఐర్లండ్ పిల్లలు పెండ్లి కాకుండానే, ఒంటరిగానే పోయారు. న్యూయార్క్, బోస్టన్ షావుకార్ల ఇండ్లల్లో వంటకు, ఊడ్చడానికి, పిల్లల్ని ఆడించడానికి కుదిరారు. ఆ పనిలో తిండి, పడక యజమాని ఇంట్లోనే కాబట్టి జీతంలో చాలావరకు మిగిలేది. 1850లో న్యూయార్క్‌లో ఐరిష్ వాళ్లు తమవాళ్ల కోసం ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు పెట్టుకున్నారు. ఈ పనిమనుషులు అక్కడ తమ పేర్ల మీదనే ఖాతాలు తెరిచారు. ఇంటికి పంపిన పైసలతో తల్లిదండ్రుల కౌలు తీరింది, చెల్లెలి ఓడ టికెట్టు వచ్చింది. ఆ చెల్లె వచ్చి ఇంకో చెల్లెను పిలిపించుకున్నది. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో వలసవాళ్లను నమోదు చేసే ఎల్లిస్ ఐలాండ్ తెరిచినప్పుడు అందరికన్నా ముందు నమోదైన పేరు కూడా ఒక ఆడపిల్లదే. ఆమె ఆనీ మూర్, కార్క్ నుంచి ఇద్దరు తమ్ముళ్లను వెంటపెట్టుకుని దిగింది.

మా దిక్కు దీనికి తలకిందులు. మాది కోరుట్ల దగ్గర పల్లె. మగవాళ్లు ముందు బొంబాయి, తర్వాత దుబాయ్, సౌదీ, మస్కట్. ఆడవాళ్లు ఇంటికాడ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు. మా బాపు సౌదీకి పోయినప్పుడు నేను చిన్నదాన్ని. ఆయన పంపే డ్రాఫ్టు పెదనాయిన పేరున వచ్చేది. అందులో ఎన్ని పైసలున్నయో మా అవ్వకు, అంటే అమ్మకు, ఎన్నడూ చెప్పలేదు. అవ్వ చేతిలో ఆడే పైసలంటే బీడీల పైసలే. అవి చాలక అక్కను ఏడో తరగతిలో బడి మాన్పించి చాట ముందు కూర్చోబెట్టింది. అక్కకు కార్ఖానాలో కార్డు లేదు. అక్క చేసిన బీడీలన్నీ అవ్వ కార్డు మీదనే ఎక్కేవి. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, రోజూ అంత పని చేసిన మనిషి పేరు ఏ లెక్కలోనూ లేదు. నేను, తమ్ముడు చదువుకున్నాం. నా బీకాం ఫీజు ఎవరి వేళ్ల మీదుగా వచ్చిందో నాకు తెలుసు. కాబట్టి ఈ సినిమాలు నేను ఊరికే చూడలేను.

పోయిన దసరాకు అక్క ఇంటికి వచ్చినప్పుడు 'ద క్వైట్ మ్యాన్' పెట్టాను. 1952 నాటి సినిమా, జాన్ ఫోర్డ్ తీసింది. ఆయనకు దర్శకుడిగా నాలుగో ఆస్కార్ తెచ్చింది ఇదే. పచ్చని కొండలు, ఏరు, బయటి సీన్లు చాలావరకు ఐర్లండ్‌లో మేయో కౌంటీలోని కాంగ్ అనే ఊళ్లో, దాని చుట్టుపక్కల తీశారు. అక్కకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని చెప్తూ పోయాను.

కథ ఏమిటంటే, జాన్ వేన్ వేసిన షాన్ థార్న్‌టన్ అమెరికాలో పెరిగిన మనిషి. పిట్స్‌బర్గ్ నుంచి తల్లిదండ్రుల ఊరు ఇనిస్‌ఫ్రీకి తిరిగొచ్చి పుట్టిన ఇల్లు కొనుక్కుంటాడు. మేరీ కేట్ డానహర్‌ను చూసి మనసు పడతాడు. ఆమె మరీన్ ఒహారా. ఎర్రజుట్టు, చూపులోనే నిప్పు. పెండ్లయితే అవుతుంది గానీ, తనను మోసం చేసి ఒప్పించారని తెలిసి ఆమె అన్న రెడ్ విల్ కట్నం ఇవ్వనంటాడు. 350 పౌండ్లు, ఇంకా ఆమె తల్లి నుంచి వచ్చిన సామాను. షాన్‌కు అవేవీ అక్కర్లేదు. "నిన్ను చూసి చేసుకున్న, పైసలెందుకు?" అన్నట్టుగా ఉంటాడు. అమెరికాలో పెరిగినవాడు కదా, అది ప్రేమ అనుకుంటాడు. మేరీ కేట్‌కు అది ప్రేమలాగా కనిపించదు. ఆ సామాను, ఆ పైసలు తన చుట్టూ లేకపోతే ఈ ఇంట్లోనూ తాను జీతం లేని పనిమనిషేనని ఆమె బాధ. అన్న ఇంట్లో ఇన్నేండ్లూ ఆమె చేసింది అదే, అక్కడి మగవాళ్లందరికీ వండి వార్చడం.

మన దగ్గర కట్నం అంటే మగపిల్లవాడి ఇంటికి పోయే సొమ్ము. దాని వెనక ఎన్ని చావులున్నాయో మనకు ఎరుకే. 1961 నుంచి చట్టం ఉన్నా ఆగలేదు. మేరీ కేట్ అడిగేది అది కాదు. పెండ్లికొడుకే వద్దంటున్నాడు, ఆమెనే కావాలంటోంది, ఎందుకంటే అది ఆమె తల్లి సొత్తు, ఇన్నేండ్ల ఆమె చాకిరీకి మిగిలిన ఒక్క రుజువు. మా దిక్కు ఐలమ్మను తలుచుకున్నప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది పంట. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం తోడుతో తన ధాన్యం తన ఇంటికి చేర్చుకున్న మనిషి ఆమె. నాది నాకు కావాలని నిలబడడమే ఆమెను ఐలమ్మను చేసింది. మేరీ కేట్‌లో నాకు ఆ మొండితనమే కనిపిస్తుంది.

చివరికి షాన్ ఆమెను రైల్వే స్టేషన్ నుంచి పొలాల మీదుగా ఈడ్చుకుంటూ అన్న ముందుకు తెస్తాడు. ఈ సీను నాకు నచ్చదు, అప్పటి కాలం అట్లుండెనని సర్దుకోవడం నావల్ల కాదు. దారిలో ఒకామె, పెండ్లాన్ని కొట్టడానికి మంచి కట్టె ఇదిగో అని షాన్‌కు ఇవ్వబోతుంది. ఊరంతా నవ్వుతుంది. అక్క నవ్వలేదు, నేనూ నవ్వలేదు. అన్న పైసలు విసిరికొడతాడు. అప్పుడు ఏం జరుగుతుందంటే, మేరీ కేట్ తానే పోయి అక్కడున్న బాయిలర్ తలుపు తెరిచి పట్టుకుంటుంది. షాన్ ఆ నోట్ల కట్టను మంటలో వేస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే. తర్వాత ఆమె తల ఎత్తుకుని ఇంటికి నడిచిపోతుంది.

"కాల్చుడెందుకే? అవి ఆమె పైసలు గద. బ్యాంకుల ఏసుకుంటే కాదా?" అన్నది అక్క.

"పైసల కోసం కాదక్కా, ఇజ్జత్ కోసం అడిగింది. అది దొరికింది, ఇగ పైసలతోటి పనేముంది?"

"పైసలు చేతులుంటెనే ఇజ్జత్. మంట్లేసినంక రేపు ఏమన్నయితే మళ్ల అన్న కాడికే పోవాలె."

నేను ఆ మంట సీనును ఇప్పటికీ ఇష్టపడతాను. ఆ ఒక్క క్షణంలో భార్యాభర్తలు సమానంగా నిలబడ్డారని నా నమ్మకం. కానీ అక్క ఎందుకట్లా అన్నదో నాకు తెలుసు. అక్క పెండ్లికి అవ్వ పీఎఫ్ పైసలు తీశారు. ఆ పీఎఫ్‌లో అక్క చుట్టిన బీడీలెన్నో ఉన్నాయి. ఆమె కష్టమే కట్నమై ఆమె అత్తగారింటికి పోయింది. అట్లాంటి మనిషికి 350 పౌండ్లు కాలిపోతుంటే అందం ఎక్కడ కనిపిస్తుంది?

మరీన్ ఒహారా గురించి ఇంకో మాట. ఆమె 1920లో డబ్లిన్‌లో పుట్టింది. 1946లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు కాగితాల్లో ఆమెను బ్రిటిష్ అని రాస్తే, నేను ఐరిష్ దాన్ని, అట్లా రాస్తే మీ పౌరసత్వమే వద్దని పట్టుబట్టానని ఆత్మకథలో చెప్పుకుంది. మేరీ కేట్ పాత్రకు ఆ మొండితనం బయట నుంచి తేవలసిన పని లేకపోయింది. ఇన్ని పెద్ద సినిమాలు చేసిన మనిషికి పోటీలో ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. 2014లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, అప్పటికి ఆమెకు 94 ఏండ్లు. మరుసటి సంవత్సరమే పోయింది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా దగ్గరి సినిమా, 'బ్రూక్లిన్'. 2015లో వచ్చింది. కోల్మ్ టోబిన్ నవలకు నిక్ హోర్న్‌బీ స్క్రీన్‌ప్లే రాశాడు, జాన్ క్రౌలీ తీశాడు. ఐలిష్ లేసీగా వేసిన సర్షా రోనన్ న్యూయార్క్‌లోనే ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టి, ఐర్లండ్‌లో పెరిగిన మనిషి. ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి, స్క్రీన్‌ప్లే, మూడింటికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

అందరూ ఈ సినిమాను ఐలిష్ ప్రేమకథగా చెప్తారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఇటలీ మూలాలున్న ప్లంబర్ టోనీ, ఐర్లండ్‌లో సొంతూరు ఎన్నిస్‌కార్తీలో జిమ్, ఎవరు కావాలి? నేను మాత్రం అక్క రోజ్ దగ్గర ఆగిపోతాను. రోజ్ ఒక ఆఫీసులో లెక్కలు రాస్తుంది. తండ్రి లేడు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదనే. చెల్లె ఐలిష్‌కు ఊళ్లో దొరికింది మిస్ కెల్లీ కిరాణా దుకాణంలో ఆదివారాల పని. ఆ మిస్ కెల్లీ ఎవరు ముందొచ్చారో చూడకుండా, తనకు గిట్టుబాటైన మనుషులకే ముందు సామాను కట్టిస్తుంది. ఈ ఊళ్లో చెల్లెకు ఏమీ లేదని గ్రహించి, బ్రూక్లిన్‌లో ఉన్న ఫాదర్ ఫ్లడ్‌కు ఉత్తరం రాసి ఉద్యోగం, ఉండే చోటు ఏర్పాటు చేయించేది రోజే. చెల్లెను పంపితే తల్లి బాధ్యత జీవితాంతం తన ఒక్కదాని మీదనే పడుతుందని ఆమెకు తెలుసు. తెలిసే పంపింది. ఆ మాట ఆమె నోటితో చెప్పదు, కొత్త బట్టలు సర్దుతుంది, నవ్వుతుంది.

ఆ కాలంలో ఐర్లండ్‌లో ఇంకో కట్టుబాటు ఉండేది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న ఆడమనిషి పెండ్లి చేసుకుంటే రాజీనామా ఇవ్వాలి. బ్యాంకులు, చాలా ఆఫీసులు కూడా అదే పాటించేవి. ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది 1973లో. ఈ సంగతి తెలిసి చూస్తే, 1950ల్లో పెండ్లి కాకుండా ఉద్యోగం చేసుకుంటున్న రోజ్ జీవితం వేరేగా కనిపిస్తుంది. జీతం ఉంటే మొగుడు ఉండడు, మొగుడు వస్తే జీతం పోతుంది.

ఐలిష్ ఓడలో వాంతులతో సగం చచ్చి, అమెరికాలో డిపార్ట్‌మెంట్ స్టోర్ కౌంటర్ వెనక నిలబడి ఏడుస్తుంది. ఇంటి మీద బెంగ. ఫాదర్ ఫ్లడ్ ఆమెను బ్రూక్లిన్ కాలేజీలో రాత్రిపూట బుక్ కీపింగ్ క్లాసులకు చేర్పిస్తాడు. మా పిల్లలకు ఈ సినిమా చూపించినప్పుడు వాళ్లందరూ ఇక్కడ నిటారుగా కూర్చున్నారు. బెంగకు మందుగా ఎవరూ ప్రేమనో దేవుణ్ణో ఇవ్వలేదు, ముందు డెబిట్ క్రెడిట్ ఇచ్చారు. టోనీ తర్వాత వచ్చాడు. ఆ వరుస నాకు ఎంతో నచ్చుతుంది. తర్వాత రోజ్ హఠాత్తుగా చనిపోయి ఐలిష్ ఊరికి వచ్చినప్పుడు, రోజ్ కూర్చున్న ఆఫీసులోనే జీతాల లెక్కలు చూడమని పిలుస్తారు. అంతకుముందు ఆదివారం దుకాణంలో చిల్లర పనికి తప్ప పనికిరాని పిల్లకు ఇప్పుడు ఊరు కుర్చీ వేసింది. పిల్ల తెలివి అప్పుడూ ఉంది. చేతిలో సర్టిఫికెట్ కొత్తగా వచ్చింది.

ఇంకో సీను గురించి రాయకుండా ముందుకు పోలేను. క్రిస్మస్ రోజు చర్చి హాల్లో ముసలి ఐరిష్ మగవాళ్లకు భోజనం పెడతారు. ఐలిష్ వడ్డించడానికి పోతుంది. మాసిన కోట్లు, వణికే చేతులు, ఎవరూ లేని మనుషులు. ఈ నగరం సొరంగాలు, వంతెనలు, రోడ్లు కట్టింది వీళ్లేనని ఫాదర్ ఫ్లడ్ ఆమెకు చెప్తాడు. వాళ్లలో ఒకాయన లేచి ఐరిష్ భాషలో ఒక పాట ఎత్తుకుంటాడు. వాద్యం లేదు, వట్టి గొంతు. కింద అర్థం కూడా వేయలేదు. ఆ పాట పాడింది ఇయార్లా ఓ లియోనార్డ్, ఐర్లండ్ పాత పద్ధతి గాయకుడు. మా బాపు సౌదీలో సెంట్రింగ్ పని చేశాడు. ఆయన గదిలో ఉన్న జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మనుషుల్లో అందరూ ఇల్లు చేరలేదు. ఎవరు కట్టిన మేడలో ఎవరుంటున్నారో, కట్టినవాళ్లకు పండుగపూట అన్నం పెట్టింది ఎవరో. ఆ పాట వస్తున్నంతసేపు నేను తెర మీద ఉన్న ఆ మొహాల్లో మా ఊరివాళ్లనే వెతుక్కుంటాను.

ఐర్లండ్‌లో పూర్వం, అమెరికా పోయేవాళ్ల కోసం ముందురోజు రాత్రంతా జాగారం చేసేవాళ్లట. చనిపోయినవాళ్ల దగ్గర కూర్చున్నట్టే చుట్టాలు, ఇరుగుపొరుగు చేరి పాడేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఎందుకంటే మళ్లీ చూస్తామని ఎవరికీ ఆశ లేదు. దానికి అమెరికన్ వేక్ అని పేరు. మా ఊళ్లో దుబాయ్ పోయే కొడుకును బొంబాయి బస్సు ఎక్కించే రాత్రి ఎట్లుండేదో చూసినవాళ్లకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. 'బ్రూక్లిన్'లో ఐలిష్ తల్లి చివర్లో ఒక్కసారే సెలవు చెప్పుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. తెల్లారి రేవు దాకా రాదు. ఆమె కఠినంగా ఉందని కొందరంటారు. ఒక బిడ్డను మట్టికిచ్చి, ఇంకో బిడ్డను సముద్రానికి ఇస్తున్న మనిషి ఆమె. రెండుసార్లు సెలవు చెప్పే ఓపిక ఎక్కడి నుంచి తేవాలి?

రోజ్ తర్వాత నాకు గుర్తొచ్చేది కేటీ నోలన్. 'ఎ ట్రీ గ్రోస్ ఇన్ బ్రూక్లిన్', 1945. బెట్టీ స్మిత్ నవలతో ఎలియా కజాన్ తీసిన మొదటి కథాచిత్రం. బ్రూక్లిన్‌లోనే విలియమ్స్‌బర్గ్‌ అనే పేటలో ఇరుకు గదులు. భర్త జానీ ఐరిష్ మనిషి, మంచి గొంతు, అందరికీ ఇష్టుడు, పాట పాడి తెచ్చిన పైసలు తాగుడుకు పోతాయి. కేటీ ఆ బిల్డింగు మెట్లు, నేలలు మోకాళ్ల మీద కూర్చుని తోముతుంది. పిల్లలు శనివారం పాత గుడ్డలు, ఇనుప ముక్కలు ఏరి అమ్మి తెచ్చిన చిల్లరలో కొంత డబ్బాలో పడాల్సిందే. ఆ రేకు డబ్బానే వాళ్ల బ్యాంకు. కిరాయి మిగులుతుందని కుటుంబాన్ని పై అంతస్తుకు మారుస్తుంది. నవ్వడం మర్చిపోయిన మనిషి.

మూడో కాన్పు రాబోతోందని తెలిశాక, ఇద్దరు పిల్లల్లో ఒకరిని బడి మాన్పించాలని కేటీ నిర్ణయిస్తుంది. మాన్పించేది ఎవరిని? పుస్తకాలంటే ప్రాణమిచ్చే ఫ్రాన్సీని, కొడుకు నీలీని కాదు. జానీ ఇది భరించలేక మంచులో పని వెతుక్కుంటూ తిరిగి, నిమోనియాతో చనిపోతాడు. జానీగా వేసిన జేమ్స్ డన్‌కు ఆస్కార్ వచ్చింది, ఫ్రాన్సీగా వేసిన పెగ్గీ ఆన్ గార్నర్‌కు బాలనటి ఆస్కార్ ఇచ్చారు. కేటీగా వేసిన డొరొతీ మెక్‌గ్వైర్‌కు ఏమీ రాలేదు, నా దృష్టిలో సినిమా మోసింది ఆమె. మంచివాడైన తండ్రిని ప్రేమించడం తేలిక. లెక్క చూసి, కొరత చూసి, ఒక పిల్ల చదువును కోసే చేతులు తల్లివి అవుతాయి. కాన్పు నొప్పుల్లో కేటీ తన మనసులో ఉన్నదంతా ఫ్రాన్సీతో చెప్పుకుంటుంది. ఆ సీను వచ్చినప్పుడు నేను మా అవ్వ గురించే ఆలోచిస్తాను. ఆమె అక్కతో ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అక్క అడగలేదు.

ఫ్రాన్సీ చదువు ఆగలేదు. సారా దుకాణం నడిపే మెక్‌గారిటీ పిల్లలిద్దరికీ బడి అయ్యాక చేసే పని ఇచ్చాడు, అంతే. ఒక చిన్న జీతం సరిపోయింది. నిజ జీవితంలోనూ చాలా చదువులు అంతే మొత్తం దగ్గర ఆగిపోతాయి.

'మిలియన్ డాలర్ బేబీ' (2004) గురించి మా దిక్కు పిల్లలకు చెప్పడం తేలిక. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆడపిల్ల బాక్సింగ్ అంటే ఎవరూ కండ్లు పెద్దవి చేయడం లేదు. ఆమె తండ్రి కూడా సౌదీలో పనిచేసి వచ్చినవాడే. వచ్చి, బిడ్డ ఆట వెనక నిలబడ్డాడు. సినిమాలో మ్యాగీ ఫిట్జ్‌జెరాల్డ్ వెనక నిలబడడానికి ఇంటివాళ్లెవరూ లేరు. హోటల్లో వడ్డించే పని, టేబుల్ మీద మిగిలిన మాంసం కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుని తినడం, టిప్పు చిల్లర కూడబెట్టి పంచింగ్ బ్యాగ్ కొనుక్కోవడం. కోచ్ ఫ్రాంకీ డన్ ఐరిష్ మూలాలున్న ముసలాయన, ఐర్లండ్ కవి యేట్స్ కవిత్వం, ఐరిష్ భాష పుస్తకం చేతిలో ఉంటాయి. రింగులోకి వచ్చేటప్పుడు పైన వేసుకునే ఆకుపచ్చ గౌను ఆమెకు కుట్టించి, దాని వీపు మీద ఐరిష్ మాట రాయిస్తాడు. పరాయి దేశాల్లో ఎక్కడ ఆడినా అక్కడి ఐరిష్ జనం ఆమెను తమ పిల్ల అనుకుని ఆ మాటతోనే అరుస్తారు. హిలరీ స్వాంక్‌కు ఉత్తమ నటి, సినిమాకు ఉత్తమ చిత్రం, మొత్తం నాలుగు ఆస్కార్లు.

గెలిచిన పైసలతో మ్యాగీ తల్లికి ఇల్లు కొనిస్తుంది. తల్లి మొహం మాడ్చుకుంటుంది, ఇల్లుంటే సర్కారు సాయం ఆగిపోతుందట. తర్వాత మ్యాగీ మెడ కింద కదలిక లేకుండా మంచాన పడ్డప్పుడు, అదే తల్లి వకీలును వెంటబెట్టుకుని వచ్చి, సంతకం కోసం కూతురి నోట్లో పెన్ను పెడుతుంది. మ్యాగీ పెన్ను వదిలేసి చెప్తుంది: సర్కారు సాయం పోతుందని ఇల్లు మీ పేరున రాయించుకోలేదు కదా, అది ఇంకా నాదే, తలుచుకుంటే అమ్మేస్తాను. రింగులో ఆమె కొట్టిన దెబ్బలన్నిటికన్నా నాకు ఆ మాట పెద్దది. చెయ్యి కాలు ఆడని మనిషి చేతిలో అప్పటికి మిగిలిన బలం ఒక్క దస్తావేజే. మా పిల్లలకు రిజిస్ట్రేషన్ కాగితాల గురించి చెప్పేటప్పుడు ఈ సీను చెప్తాను.

జిమ్ షెరిడాన్ తన ఇద్దరు కూతుళ్లతో కలిసి రాసిన 'ఇన్ అమెరికా' సినిమాలో కూడా పైసల సీను ఒకటి ఊపిరి ఆడనివ్వదు. తిరునాళ్లలాంటి చోట తండ్రి ఒక బొమ్మ గెలవడానికి కిరాయి పైసలన్నీ ఒడ్డుతూ పోతాడు, పక్కన భార్యా పిల్లలూ నిలబడి చూస్తుంటారు. భార్యగా వేసిన సమంతా మోర్టన్ మొహం చూడండి ఆ సీనులో.

'బ్రూక్లిన్' అయిపోయాక పరకాల నుంచి వచ్చే పిల్ల ఒకటే అడిగింది. "మేడం, మళ్ల అమెరికా పోయినంక ఐలిష్ ఉద్యోగం చేసిందా, పెండ్లయిందని ఇంట్లనే ఉన్నదా?" సినిమా మొగుడు టోనీ దగ్గరికి ఆమె చేరడంతో ఆగిపోతుంది. టోబిన్ 2024లో ఆ కథను 'లాంగ్ ఐలాండ్' అనే నవలగా కొనసాగించాడు. అందులో 1976 వచ్చేసింది. ఐలిష్‌కు ఇద్దరు పిల్లలు ఎదిగారు, చుట్టూ అత్తగారి తరఫువాళ్ల ఇండ్లే. ఆమె ఒక గ్యారేజీలో లెక్కలు రాస్తోంది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల మొహం చూసి, సాయంత్రం అక్కకు కూడా ఫోన్ చేసి చెప్పాను.

"రాయాలె మరి. రోజ్ పంపింది అందుకేనాయె," అన్నది అక్క.